మెట్టూ, చట్టమూ, మన సాహిత్యమూ

ఒక వాక్యం ఏం చెబుతోందో, చెబుతున్నట్టు కనబడుతూ ఏం చెప్పకుండా తప్పించుకుంటోందో తేల్చడం విమర్శకుడి పని. 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు చేసింది ఈ పనే. 2016లో పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. భవనాలూ రవాణా సమాచార వ్యవస్థలూ వికలాంగులకు అందుబాటులో ఉండడానికి కావలసిన ప్రమాణాలను కేంద్ర ప్రభుత్వం నియమాల రూపంలో తయారుచేసి తీరాలని ఆ చట్టం 40వ సెక్షను చెబుతుంది. 2017 జూన్‌లో నియమాలు వచ్చాయి. వాటిలో 15వ నియమం తీసి చూస్తే ప్రమాణాలుండవు. ఫలానా మంత్రిత్వశాఖ వేసిన ఫలానా మార్గదర్శకాలు పాటించండి అని ఉంటుంది. సరే అని ఆ మార్గదర్శకాలు తిరగేస్తే అక్కడ సిఫారసు భాష ఎదురవుతుంది. చట్టం ‘చేసి తీరాలి’ అన్నది, నియమం ‘అక్కడ చూసుకోండి’ అన్నది, మార్గదర్శకం ‘చేస్తే బాగుంటుంది’ అన్నది. మూడు కాగితాలు చేతులు మారేసరికి హక్కు కాస్తా హితబోధ అయింది. 15వ నియమం మాతృచట్టానికి విరుద్ధమని కోర్టు కొట్టేసింది. మూడు నెలల్లో, తప్పనిసరిగా పాటించవలసిన నియమాలు వేరుగా, క్రమంగా మెరుగుపరుచుకోవలసిన మార్గదర్శకాలు వేరుగా విడదీసి రాయమంది.

ఈ కేసు వేసిన వ్యక్తి అంధుడు. వేసింది 2005లో. ఈ పంతొమ్మిదేళ్ళలో ఒక చట్టం పోయి ఇంకో చట్టం వచ్చింది, 2017 డిసెంబరులో గడువులతో సహా ఒక తీర్పు వచ్చింది, గడువులన్నీ గడిచిపోయాయి. చివరికి దేశంలో పరిస్థితి ఏమిటో చూసి చెప్పమని కోర్టు అడిగితే నివేదిక రాసిచ్చింది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయంలో వికలాంగుల అధ్యయన కేంద్రం. కోర్టు చేసిన విమర్శకు ఆధారం ఆ నివేదికే.

సాహిత్య పత్రికలో సిమెంటు వాలుల గొడవ ఎందుకని అడిగేవాళ్ళుంటారు. ఈ గొడవ మొదటినుంచీ భాష గురించే నడిచింది. 1995 నాటి పాత చట్టాన్ని చూడండి. బహిరంగ భవనాల్లో వాలుదారులు కట్టాలనీ, లిఫ్టుల్లో బ్రెయిలీ గుర్తులు పెట్టాలనీ అదీ చెప్పింది. కానీ చెప్పే ముందు ‘ఆర్థిక సామర్థ్యానికీ అభివృద్ధికీ ఉన్న పరిమితుల్లో’ అనే అర్థం వచ్చే పదబంధం ఒకటి తగిలించింది. ఇరవయ్యేళ్ళపాటు ఆ చట్టం మొత్తంలో నిష్ఠగా అమలైంది ఆ పదబంధమొక్కటే. అసెంబ్లీ భవనాలకీ ఫ్లైఓవర్లకీ గుర్తు రాని ఆర్థిక పరిమితి పద్ధెనిమిది అడుగుల వాలుదారి దగ్గర మాత్రం గుర్తొచ్చింది. 2016 చట్టం ఆ తోకను కోసేసినా ఇంకో తోకను మిగుల్చుకుంది. వైకల్యం కారణంగా ఎవరిమీదా వివక్ష చూపరాదు అని 3వ సెక్షను అంటుంది. వెంటనే, ‘న్యాయసమ్మతమైన లక్ష్యాన్ని సాధించడానికి తగుపాళ్ళలో ఉన్న మార్గమని’ నిరూపిస్తే తప్ప అంటుంది. వివక్షకి తగుపాళ్ళేమిటో, ఆ లక్ష్యం ఎవరి దృష్టిలో న్యాయసమ్మతమో చట్టం చెప్పదు. రాజ్యాంగం 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అని జాబితా చెప్పింది గాని అందులో వైకల్యం లేదు. లేనిదాన్ని మామూలు చట్టంతో పూరించబోయినప్పుడు ఆ ‘తప్ప’ అన్న చిన్న మాట ఎంత పెద్ద తలుపు తెరిచి పెడుతుందో వాక్యనిర్మాణం తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

అయితే చట్టాన్ని తిట్టి చేతులు కడుక్కోవడం నా ఉద్దేశం కాదు. హక్కుని దయగా మార్చే ఈ పని శాసనకర్తలకంటే ముందే మన కథలూ కావ్యాలూ సామెతలూ చేసి పెట్టాయన్నది నా వాదన. దానికి ముందు ఒక ప్రశ్న తేల్చుకోవాలి. వైకల్యం ఎక్కడ ఉంది? మనిషి కాలిలో ఉందా, అతను ఎక్కలేని మెట్టులో ఉందా?

ఈ ప్రశ్నను రాజకీయ ప్రశ్నగా నిలబెట్టినవాళ్ళలో ముఖ్యుడు విక్ ఫింకెల్‌స్టైన్. దక్షిణాఫ్రికా మనిషి. చక్రాల కుర్చీలోనే ఉంటూ వర్ణవివక్ష వ్యతిరేక పోరాటంలో పనిచేసి జైలుకి వెళ్ళాడు. జైలు నుంచి వచ్చాక అతని మీద నిషేధాజ్ఞలు పెట్టారు. ప్రభుత్వం పెట్టిన ఆ ఆంక్షలకీ, వికలాంగుడిగా అప్పటికే తనమీద ఉన్న ఆంక్షలకీ ఉన్న పోలికను తర్వాత ఆయనే గుర్తుచేశాడు. ఒకటి గెజిట్‌లో అచ్చయిన నిషేధం, రెండోది ఇటుకలతో కట్టిన నిషేధం. బ్రిటన్ చేరాక పాల్ హంట్‌తోనూ మరికొందరితోనూ కలిసి ఆయన కట్టిన సంఘం 1976లో తన మూలసూత్రాలను ప్రకటించింది. శరీరంలో ఉన్న లోపం వేరు, వైకల్యం వేరు, లోపమున్న మనిషిని వికలాంగుణ్ణి చేసేది సమాజం అన్నది వాటి సారం. పేదరికం పేదవాడి గుణం కాదని మార్క్సిస్టు ఆర్థికశాస్త్రం చెప్పిందే ఇక్కడ శరీరం విషయంలో చెప్పారు.

ఫింకెల్‌స్టైన్ 1975లో ఒక కథలాంటిది రాశాడు. చక్రాల కుర్చీల్లో ఉండే వాళ్ళందరూ చేరి ఒక ఊరు కట్టుకున్నారు. ఊరంతా కుర్చీల్లోనే తిరుగుతుంది గనక ఇళ్ళ కప్పులు ఎత్తుగా ఉండడం అనవసరం. కప్పులు దించారు, గుమ్మాలు దించారు. ఆ ఊరికి నిలబడి నడిచేవాళ్ళు కొందరు వచ్చారు. గుమ్మం దాటిన ప్రతిసారీ నుదురు కొట్టుకుని బొప్పి కట్టింది. డాక్టర్లు పరీక్ష చేశారు. ఇది నిలబడి నడిచేవాళ్ళకి సహజంగా వచ్చే వ్యాధి అని తేల్చారు. ఉచితంగా శిరస్త్రాణాలు పంచారు. నడుము వంచి నడవడానికి పట్టీలు తయారు చేశారు. ఉద్యోగాలకి పనికిరారన్నారు. వాళ్ళకోసం ధర్మసంస్థలు వెలిశాయి, విరాళాలు పోగయ్యాయి. చివరికి ఆ నిలువుమనుషులే ఒక చోట చేరి, మాకేం జబ్బు లేదు, గుమ్మం ఎత్తు పెంచండి అన్నారు.

చదువుతుంటే నవ్వొస్తుంది. నవ్వుతూ నుదురు తడుముకుంటాం. మంచి వ్యంగ్యం చేసే పని అదే. కథగా దానిలో లోటు లేకపోలేదు. ఆ ఊళ్ళో అందరూ కుర్చీల్లో ఉన్నారు గాని అందరి కుర్చీలూ ఒక్క ఖరీదువేనా? దించిన గుమ్మాలు ఎవరు బిగించారు, కూలి ఎంత ఇచ్చారు? ఇంతకంటే పెద్ద లోటు, లోపం ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న ఆ కథలో రాదు. మన నేలమీద ఆ ప్రశ్న రాక తప్పదు. భూగర్భజలాల్లో ఫ్లోరైడు లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్‌ని వైద్యులు గుర్తించి రాసింది 1937లో. ఆ నీళ్ళని పటికతో సున్నంతో శుద్ధిచేసే పద్ధతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు నల్లగొండ పద్ధతి. పద్ధతికి పేరిచ్చిన జిల్లాలో ఎముకలు వంగిపోయిన తరాలు మాత్రం ఆ తర్వాతా మిగిలాయి. ఈ మనిషి వైకల్యం మెట్టులో ఉందని మాత్రమే అంటే సరిపోదు. అతని కీళ్ళలో ఉన్నదీ ప్రభుత్వం తవ్వించిన బోరులోంచి వచ్చిందే. ఆ నొప్పి గుమ్మం ఎత్తు మారిస్తే పోదు. వంగిన వెన్నుతో సదరం సర్టిఫికెట్ కోసం వెళ్ళినప్పుడు ఆఫీసు ముందు ఎదురయ్యే మూడు మెట్లు రెండో అన్యాయం. మెట్లెక్కలేనని రుజువు చేసుకోవడానికి మెట్లెక్కవలసి రావడాన్ని కథ చేయాలంటే కల్పన అక్కర్లేదు.

ఈ చూపుతో మన సాహిత్యం దగ్గరికి వద్దాం.

భారతంలో ఒకే తరంలో ముగ్గురన్నదమ్ములు. పెద్దవాడు అంధుడని సింహాసనానికి పనికిరాడన్నారు. చిన్నవాడు దాసీపుత్రుడని పనికిరాడన్నారు. మధ్యవాడికి రాజ్యం వచ్చింది. విదురుడికి జరిగింది అన్యాయమని గుర్తుపట్టడం మనం నేర్చుకున్నాం. పుట్టుకనిబట్టి అధికారం నిర్ణయించే ధర్మాన్ని అభ్యుదయ విమర్శ దశాబ్దాలుగా ఎండగట్టింది. పక్కనే, అదే పేజీలో ధృతరాష్ట్రుడికి జరిగింది మాత్రం సహజమనే అనుకున్నాం. చూపు లేనివాడు రాజ్యం ఎలా ఏలతాడు అన్న ప్రశ్న మనకి ప్రశ్నగానే తోచలేదు, జవాబుగా తోచింది. అంతటితో ఆగలేదు. అతని కంటిచూపు లేకపోవడాన్ని అతని నీతి లేకపోవడానికి గుర్తు చేసుకున్నాం. పుత్రవ్యామోహానికి అతని పేరు, కపటానికి అతని కౌగిలి. రామాయణంలో మంథర గూనికీ ఇదే గతి. గూని ఎందుకు అంటే బుద్ధి వంకర గనక. ఒక దాసి అంతఃపుర రాజకీయాన్ని అంత స్పష్టంగా చదవగలిగిందే అన్న ఆశ్చర్యం ఆ వంకర వెన్ను చాటున పడిపోయింది.

సామెతలు జనం నోటివి గనక ప్రగతిశీలమని అనుకోనక్కర్లేదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు, చెవిటివాడి ముందు శంఖమూదినట్టు, కుంటిసాకు. ఇవి పోనీ పాతవి. మనవేమిటి? ‘గుడ్డి న్యాయం’, ‘అవిటి ప్రజాస్వామ్యం’, ‘కుంటినడక నడిచే సంస్కరణలు’, ‘మూగజనం’. నిరసన కవిత్వంలో, కరపత్రాల్లో, సంపాదకీయాల్లో ఈ ప్రయోగాలకి లెక్కలేదు. వ్యవస్థని తిట్టడానికి మనకి దొరికిన మాటలు ఆ వ్యవస్థ మెట్ల కింద వదిలేసిన మనుషుల శరీరాలు. దోపిడీదారుణ్ణి తిట్టడానికి కులం పేరు వాడితే ఒప్పుకోం. స్త్రీల గురించిన తిట్టు వాడితే ఇవాళ ఎవరో ఒకరు లేచి అడుగుతారు. కుంటి అన్న మాట దగ్గర సభ నిశ్శబ్దంగా ఉంటుంది. మాటల పోలీసుతనం కోసం ఇది అనడం లేదు. రూపకం మనిషిని మింగేస్తుంది. కుంటితనం అసమర్థతకి ప్రతీకగా స్థిరపడ్డాక, నిజంగా కుంటే మనిషి కథలోకి వస్తే అతను ఇక ఒక భావానికి బొమ్మే. అతను బస్సెక్కడు, బ్యాంకుకి వెళ్ళడు, ప్రేమించి పెళ్ళాడడు, సంఘంలో చేరి చందా కట్టడు. అతనికి మెట్టు ఎదురు కాదు, ఎందుకంటే అతను ఎక్కడికీ వెళ్ళడు.

వెనక ద్వారంలోంచి వచ్చే గౌరవం ఇంకో రకం అబద్ధం. 2015 డిసెంబరులో ప్రధాని రేడియో ప్రసంగంలో ‘దివ్యాంగులు’ అన్నారు. మర్నాటి నుంచీ శాఖల బోర్డులు మారాయి. ఆ నెల మొదట్లోనే భవనాలను అందుబాటులోకి తెచ్చే పెద్ద ప్రచారోద్యమం కూడా ప్రకటించారు. ఈ రెంటిలో ఏది పూర్తయిందో వేరే చెప్పాలా? పేరుకి దైవత్వం అంటించడం ఈ దేశంలో కొత్త కాదు. అంటరానివాణ్ణి ‘హరిజనుడు’ అన్నప్పుడు అంబేద్కర్ ఆ మాటని ఎందుకు ఒప్పుకోలేదో మనకి తెలుసు. దేవుడి మనిషికి బావిలో నీళ్ళు హక్కుగా అక్కర్లేదు, దయగా చాలు. దివ్యమైన అంగాలున్నవాడికి వాలుదారి ఎందుకు?

సినిమా సంగతి క్లుప్తంగానే చెప్పుకోవచ్చు. 1986 నాటి ‘సిరివెన్నెల’లో అంధుడైన వేణుగాన విద్వాంసుడూ, మాట రాని చిత్రకారిణీ ఉన్నారు. అందం ఉంది, సంగీతం ఉంది. వాళ్ళని ప్రకృతి ఒడిలో పెట్టడంవల్ల పోస్టాఫీసు మెట్లు దర్శకుడికి అడ్డు రాలేదు. 2016 నాటి ‘ఊపిరి’లో మెడ కిందినుంచి కదలిక లేని కథానాయకుడు కోటీశ్వరుడు. డబ్బుంటే మెట్టు మాయమవుతుందన్న నిజాన్ని ఆ సినిమా తనకి తెలియకుండానే చెప్పింది. ఇక నవ్వించడానికి నత్తినీ గుడ్డితనాన్నీ వాడుకునే సినిమాల గురించి 2024 జూలైలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పవలసి వచ్చింది. వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, మనిషిని చిన్నబుచ్చే హాస్యం వేరు అని అందులో తేడా చూపించింది. మన విమర్శకులు చేయవలసిన విభజనను న్యాయమూర్తులు చేశారు. సంతోషించాలో సిగ్గుపడాలో ఎవరికి వారు తేల్చుకోవచ్చు.

కట్టడాన్నే అన్యాయంగా చూసిన కావ్యం తెలుగులో లేదా? ఉంది. జాషువా ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. గుడిలోకి తనకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అందుకని దానిచేత శివుడికి కబురు పంపిస్తాడు. మనిషి ఆగిపోయే చోట పక్షి కాని పక్షి ఎగిరిపోతుందన్న ఒక్క ఊహతో జాషువా గోడనీ తలుపునీ ముద్దాయిలుగా నిలబెట్టాడు. తర్వాత దళిత సాహిత్యం ఊరి నిర్మాణాన్నే పాఠంగా చదివింది: వాడ ఎక్కడుంది, బావి ఎవరి వైపుంది, హోటల్లో గ్లాసు ఏ అరలో ఉంది. ఇటుక నిర్దోషి కాదని తెలుగు పాఠకుడికి ఎప్పుడో తెలుసు. తేడా లేకపోలేదు. గుడి తలుపు ఆ మనిషిని రానివ్వకూడదనే మూశారు. ఆఫీసు మెట్టు ఎవరినీ ఆపాలని కట్టలేదు, అతను వస్తాడని ఎవరికీ తోచలేదు గనక కట్టారు. ద్వేషం కంటే మరుపు చిన్న నేరమని అనిపించవచ్చు. కాని సమానత్వ చట్టాల్లో అసలు ముందడుగు ఇక్కడే ఉంది. 2016 చట్టంలో వివక్ష అంటే చేసిన పని మాత్రమే కాదు, చేయకుండా వదిలేసింది కూడా. అవతలివాడి అవసరానికి తగిన సర్దుబాటు నిరాకరించడమూ వివక్షే. నాకు దురుద్దేశం లేదు అన్న జవాబు చెల్లదు. ‘గబ్బిలం’ తెరిచిన దారిలో రెండో మజిలీ ఇది. మన కథకులు ఇంకా మొదటి మజిలీలోనే ఉన్నారు.

రాయాలనుకునేవాళ్ళకి కొలతలు తెలియాలి. చేను గురించి రాసేవాడికి సాలు తెలియాలన్నట్టే ఇదీ. వాలుదారికి మామూలుగా చెప్పే నిష్పత్తి ఒకటికి పన్నెండు. అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండడుగుల పొడవు కావాలి. ఆరంగుళాల మెట్లు మూడున్నాయనుకుంటే ఎత్తు అడుగున్నర, దారి పద్ధెనిమిది అడుగులు. మన ఆఫీసుల ముందు చాలాచోట్ల కనబడేది ఐదడుగుల్లో ముగించిన సిమెంటు దిబ్బ. దానిమీద చక్రాల కుర్చీ ఎక్కితే వెనక్కి దొర్లుతుంది. ఎక్కేవాడికోసం కట్టింది కాదది, తనిఖీకి వచ్చినవాడు ఫొటో తీసుకోవడానికి కట్టింది. కొన్నిచోట్ల అది భవనం వెనక, జనరేటరు పక్కన ఉంటుంది. ముందు గుమ్మంలోంచి అందరూ, వెనక గుమ్మంలోంచి కొందరూ అన్న ఏర్పాటు ఈ దేశంలో ఎవరికి కొత్త?

కాలిబాటల మీద పసుపుపచ్చ పలకలుంటాయి. 1967లో జపాన్‌లోని ఒకయామాలో, అంధుల పాఠశాల దగ్గర మొదటిసారి వేశారు వాటిని. రూపొందించినవాడు సెయిచి మియాకె. నిలువు గీతలుంటే నడవవచ్చని, చుక్కలుంటే ఆగి చూసుకోమని అర్థం. పాదంతో, కర్రతో చదివే లిపి అది. మన నగరాల్లో ఈ లిపిని చదవడం రాని గుత్తేదార్లు రాస్తున్నారు. గీతలు నేరుగా కరెంటు స్తంభం దాకా వెళ్ళి ఆగుతాయి. చుక్కలు ఉండవలసిన చోట గీతలుంటాయి. అచ్చుతప్పులున్న పుస్తకం చదివితే విసుగొస్తుంది. ఈ అచ్చుతప్పు చదివినవాడికి తల పగులుతుంది.

ఎన్నికల విషయం ఇంకా తమాషా. 2024 లోక్‌సభ ఎన్నికల్లో నలభై శాతానికి పైబడి వైకల్యం ఉన్నవాళ్ళకి ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు దేశమంతటా ఇచ్చారు. మంచానపడ్డ మనిషికి అది నిజంగానే మేలు. అయితే పోలింగు కేంద్రాలు ఎక్కువగా బడులు. ఓటు ఇంటికి వచ్చింది గనక బడి మెట్టు గురించి అడిగే గొంతు ఒకటి తగ్గింది. ఓటు అయిదేళ్ళకోసారి. బడి రోజూ.

చట్టం పరిధి ఎంతో కూడా మొహమాటం లేకుండా చూడాలి. 2011 జనాభా లెక్కల్లో వికలాంగులు 2.68 కోట్లు, జనాభాలో 2.21 శాతం. ప్రపంచ జనాభాలో దాదాపు 16 శాతం మంది గణనీయమైన వైకల్యంతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. మన దేశం అంత ఆరోగ్యంగా ఉందనుకోవడం కంటే లెక్కపెట్టేవాడు గుమ్మంలోంచే తిరిగి వెళ్ళాడనుకోవడం సబబు. ఆ లెక్కల్లో ఉన్నవాళ్ళలోనూ నూటికి అరవై తొమ్మిదిమంది పల్లెల్లో ఉన్నారు. ప్లాను నియమాల ప్రకారం లేకపోతే కట్టడానికి అనుమతి ఇవ్వరాదంటుంది 44వ సెక్షను. ప్లాను అన్నదే లేని ఇళ్ళలో, గతుకుల బురదసందుల్లో బతికేవాడికి ఈ సెక్షను ఏం చేస్తుంది? అతనికి వాలుదారికంటే ముందు రోడ్డు కావాలి, మరుగుదొడ్డి కావాలి, కాలికి సరిపోయే కృత్రిమ పాదం కావాలి. సమానత్వ చట్టం సమానత్వాన్ని తేదు, ఉన్న అసమానతలో వికలాంగుడికి తన తరగతికి తగిన చోటు ఇస్తుంది అని ఎవరైనా అంటే పూర్తిగా కాదనలేం. కానీ కనీస వేతన చట్టం గురించీ ఇదే అనవచ్చు. అందుకని దాన్ని వదిలేశామా? అమెరికాలో 1977లో వికలాంగులు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రభుత్వ కార్యాలయంలో మూడు వారాలకు పైగా బైఠాయించి, అప్పటికి నాలుగేళ్ళుగా మూలపడి ఉన్న చట్టానికి నియమాలు రాబట్టుకున్నారు. లోపల ఉన్నవాళ్ళకి అన్నం తెచ్చి పెట్టింది బ్లాక్ పాంథర్లు. అదీ చట్టానికి నియమాల కోసం జరిగిన పోరాటమే. వాళ్ళు అడిగినదానికీ రాటూరి అడిగినదానికీ తేడా లేదు. ఇక్కడ ఆయన వెనక అన్నం పట్టుకుని వెళ్ళిన సంఘాలు ఎన్ని?

ఇప్పుడు చట్టం పరీక్షకి నిలబడవలసిన అసలైన భవనం దగ్గరికి రావాలి. ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా అమలాపురం ప్రాంతం నుంచి వెళ్ళి ఢిల్లీ విశ్వవిద్యాలయ కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం బోధించినవాడు. చిన్నప్పుడే పోలియో వచ్చింది. తొంభై శాతం వైకల్యం. చక్రాల కుర్చీ లేకుండా కదలలేడు. 2017 మార్చి 7న గడ్చిరోలి కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. నాగపూరు కేంద్ర కారాగారంలో అండా సెల్‌లో పెట్టారు. ఆరు వారాలకి వికలాంగుల హక్కుల చట్టం అమల్లోకి వచ్చింది. 2022 అక్టోబరు 14న హైకోర్టు నిర్దోషి అంది, మర్నాడే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపేసింది. 2024 మార్చి 5న హైకోర్టు రెండోసారి నిర్దోషి అంది. అంటే కొత్త చట్టం మొదటి ఏడేళ్ళూ, ఆయన ఆ గదిలో ఉన్న ఏడేళ్ళూ దాదాపు ఒకటే. మనుషుల సాయం లేకుండా మరుగుదొడ్డికి కూడా వెళ్ళలేని స్థితిలో తనని ఉంచారని బయటికి వచ్చాక విలేకరులకు చెప్పాడు. 2024 అక్టోబరు 12న హైదరాబాదు నిమ్స్‌లో చనిపోయాడు. 15వ నియమాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది ఆ తర్వాత ఇరవై ఏడు రోజులకి.

ఆయన రాజకీయాలతో ఏకీభవించనివాళ్ళు కూడా ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. శిక్ష స్వేచ్ఛని తీసుకుంటుంది. మరుగుదొడ్డి తలుపు వెడల్పు శిక్షలో భాగం కాదు, ఏ జడ్జీ దాన్ని తీర్పులో రాయడు. గడ్చిరోలి తీర్పులో లేని శిక్షని ఆ గది కొలతలు అమలు చేశాయి. 2025 జూలైలో, కండరాలు క్షీణించే జబ్బు ఉన్న తమిళనాడు న్యాయవాది ఒకరు తనను జైల్లో ఉంచిన తీరు గురించి వేసిన కేసులో, జైళ్ళలో వాలుదార్లూ అనువైన మరుగుదొడ్లూ ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ మాట ఆ రోజు చెప్పాల్సి వచ్చిందంటే అంతకుముందు రోజు వరకూ జైలుకి చట్టం వర్తించలేదనే అర్థం. సాయిబాబా జైలు ఉత్తరాలూ కవితలూ 2022లో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చాయి. వాటిని నిర్బంధ సాహిత్యంగా చదివాం, చదవాలి కూడా. గోడ గురించి రాసిన జైలు సాహిత్యం మనకి చాలా ఉంది. గోడకంటే ముందు గుమ్మమే అడ్డమైన మనిషి రాసింది ఇదొక్కటే కావచ్చు. ఆ చదువు ఇంకా మొదలు కాలేదు.

ఇక ప్రభుత్వం చేతిలో కాక మన చేతుల్లో ఉన్నవి. సాహిత్య సభకి హాలు వెతికేటప్పుడు అద్దె, మైకు, కుర్చీలు చూస్తారు. రెండో అంతస్తులో చవగ్గా దొరికితే తీసుకుంటారు. రాలేనివాళ్ళు రారు. రాలేదు గనక వాళ్ళకి సాహిత్యాసక్తి లేదనుకుంటాం. పుస్తకం కూడా ఒక కట్టడమే, దానికీ గుమ్మం ఉంటుంది. అంధ పాఠకుల కోసం పుస్తకాలను చదవగలిగే రూపంలోకి మార్చుకునే అవకాశం మన కాపీరైటు చట్టంలో 2012 సవరణతోనే వచ్చింది. అదే ఉద్దేశంతో 2013లో జరిగిన మరకేష్ ఒప్పందాన్ని అందరికంటే ముందు 2014లో ధ్రువీకరించిన దేశం మనదే. తెలుగులో మాత్రం దశాబ్దాలుగా పుస్తకాలు అను ఫాంట్లలో కంపోజవుతున్నాయి. కంటికి అవి తెలుగు అక్షరాలు. వినిపించే సాఫ్ట్‌వేరుకి అవి అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుట్ట. కంప్యూటరు వాడే అంధ విద్యార్థి అలాంటి ఫైలు తెరిస్తే అందులో శ్రీశ్రీ ఉన్నాడో సిమెంటు ధరల పట్టిక ఉందో తెలియదు. యూనికోడ్‌లోకి మార్చి, అచ్చుతప్పులు దిద్ది ఇవ్వడానికి పేజీకి ఎంతవుతుందో ఏ డీటీపీ ఆపరేటరునడిగినా చెబుతాడు.